ఎడమ మణికట్టు

సీతయ్య చేతి నుంచి విప్పిన దిక్సూచి ఇప్పటికీ నిజమే చెబుతోంది.

వెంకటనారాయణ దాన్ని బల్ల మీద పెట్టి మెల్లగా చుట్టూ తిప్పాడు. డబ్బా తిరిగింది. లోపలి ముల్లు మాత్రం కదలకుండా ఉత్తరం వైపే, కిటికీ అవతలి టేకు చెట్ల వైపే చూస్తూ నిలబడింది. దాని పక్కన లోతు చెప్పే డెప్త్ గేజ్. దాన్ని పొద్దున్నే కొలతాడుతో పోల్చి చూశాడు, తేడా లేదు. మూడోది రబ్బరు గొట్టం చివర వేలాడే ప్రెజర్ గేజ్. వీపు మీది సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో చెప్పేది. సీతయ్య శవాన్ని బయటికి తీసినప్పుడు కూడా దాని ముల్లు సగానికి పైనే ఉంది.

గాలి ఉంది. లోతు పెద్దగా లేదు. దిక్కు చేతి మీదే ఉంది. మరి ఏళ్ల తరబడి నేవీలో తనతో పాటు సముద్రం అడుగున తిరిగిన మనిషి, దమ్మపేట అవతలి అడవిలో ఓ బురద జలాశయంలో దారి తప్పి ఎలా చచ్చిపోయాడు?

రేపు పొద్దున్న వెంకటనారాయణ దిగాల్సింది ఆ నీళ్లలోకే. ఆ పరికరాలతోనే. ఈలోగా జవాబు దొరక్కపోతే రెండో శవం తనదవుతుంది.

బూరుగువాగు ప్రాజెక్టుకి రెండు తూములు. పొలాలకి నీళ్లిచ్చే పెద్ద తూము తలుపు మూసుకున్నది మూసుకున్నట్టే బిగుసుకుపోయింది. పక్కనున్న చిన్న తూము తలుపు సగం లేచి ఆగిపోయింది, దించడానికీ రాదు, ఎత్తడానికీ రాదు. దాని నోరు నీళ్లని రాత్రీ పగలూ లోపలికి గుంజుతూనే ఉంది. పెద్ద తూము దగ్గరికి వెళ్లి, తలుపుకి ఏం అడ్డం పడిందో చూసి తీయాలి. చిన్న తూము దగ్గరికి మాత్రం పోకూడదు. పని అంతే. అడుగున చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. పోనీ తాడు కట్టుకుని దిగుదామంటే, కట్ట కట్టినప్పుడు మునిగిన అడవి మొదళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి. తాడు వాటికి చుట్టుకుంటుంది. అందుకే దిక్సూచి మీదే ప్రాణం పెట్టుకోవాలి.

సీతయ్య పెద్ద తూముకని బయల్దేరాడు. చిన్న తూములోంచి కాలువలో తేలాడు.

"ఏం నారాయణా! గడియారాలు నడుస్తున్నాయా?"

గుమ్మం నిండా కాంట్రాక్టర్ బసవపున్నయ్య. కృష్ణా జిల్లా నుంచి వచ్చి దమ్మపేటలో పొలాలు కొని స్థిరపడ్డ ఆసామి. తూముల రిపేరు కాంట్రాక్టు ఇతనిదే.

"నడుస్తున్నాయండీ."

"అయితే రేపు దిగిపో. నారు ఎండిపోతోందయ్యా! రైతులు మా ఇంటి అరుగు మీదే పడుకుంటున్నారు. మా ఆవిడ వాళ్లకి మజ్జిగ పోయలేక చస్తోంది."

"సీతయ్యని పోస్టుమార్టం లేకుండానే ఊరికి పంపించేద్దాం అన్నారట మీరు."

బసవపున్నయ్య మొహం ఎర్రబడింది. "అన్నాను. ఎండలో పీనుగుని భద్రాచలం దాకా లారీ మీద తీసుకెళ్లి, మళ్లీ వైజాగ్ పంపడం ఏం మర్యాదని అన్నాను. తప్పా?"

తప్పు కాకపోవచ్చు. కానీ వెంకటనారాయణ ఆ మాటని మనసులో ఒక మూలకి పెట్టుకున్నాడు. ఇతనికి తొందర ఎక్కువ. తొందర ఉన్నవాడికి ఏదైనా దాచాలన్న తొందర కూడా ఉండొచ్చు.

భద్రాచలం దవాఖానాలో సీతయ్యని చూసింది గుర్తొచ్చింది. వాడు ఎడంచేతి వాటం మనిషి. ఉలీ సుత్తీ ఎడమ చేత్తో పట్టుకుంటాడు కాబట్టి దిక్సూచిని కుడి మణికట్టుకి కట్టుకునేవాడు. "అందరూ ఎడమకే కడతార్రా" అని వెంకటనారాయణ ఎన్నిసార్లు పోట్లాడినా వినలేదు. ఆ కుడి మణికట్టు మీద దిక్సూచి పట్టీ అచ్చు ఉంది. దాని పక్కనే సన్నగా ఇంకో గీత. పట్టీ అంచు ఒరుసుకుని ఉంటుందనుకున్నాడు అప్పుడు.

"చెంచురామయ్య గారి రేడియో కూడా మూగబోయింది" అంటున్నాడు బసవపున్నయ్య విసుగ్గా. "వాన పడుతుందో లేదో చెప్పే దిక్కు లేదు ఈ అడవిలో. అవునూ, ఈ దిక్సూచి ఒంటి మీద ఎక్కడ పెట్టుకుంటావ్? ఆ అబ్బాయి చేతికి కట్టుకునేవాడు."

వెంకటనారాయణ తల ఎత్తి అతన్ని చూశాడు.

ఊరికే అడిగిన మాటేనా? మంచి పరికరాన్ని ఎవడో అబద్ధం ఆడించాడు. ఎలాగో తెలియదు. కానీ ఏం చేయాలన్నా ముందు వాడికి ఒక సంగతి తెలియాలి. దిక్సూచి ఒంటి మీద ఎక్కడ ఉంటుందన్న సంగతి.

ఆ క్షణంలో అతనికి ఎర దొరికింది.

"ఛాతీ మీద" అన్నాడు. "పట్టీకి బిగిస్తాను. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి."

"మంచిదే. ఎక్కడో ఒకచోట పెట్టుకుని దిగు ముందు" అని బసవపున్నయ్య వెళ్లిపోయాడు.

వెంకటనారాయణ మూడు పరికరాల్నీ సంచిలో వేసుకుని భుజాన తగిలించుకున్నాడు. ఇక వాటిని ఎవరి చేతికీ ఇవ్వదలచుకోలేదు.

ఒడ్డున పడవలోంచి నీళ్లు తోడుతున్నాడు దూలయ్య. ప్రాజెక్టు వాచ్‌మన్, అవతలి కోయ గూడెం మనిషి. సీతయ్య దిగిన రోజు పడవ నడిపింది ఇతనే.

"తాడు విప్పింది నువ్వేనట కదా దూలయ్యా?"

"అవ్ సారూ. ఆ సారే విప్పమన్నడు. మొద్దుకు చుట్టుకుంటాంది, ఇడువు అన్నడు. ఇడిసిన." దూలయ్య తల ఎత్తలేదు. "పోలీసోళ్లకు గూడ గదే చెప్పిన. నమ్మలే. నువ్వు గూడ నమ్మకు. నాకేంది!"

"తర్వాత?"

"తర్వాత ఏమున్నది. బుడగలు పెద్ద తూము దిక్కు పోవాలె. ఇటు మళ్లినయ్, చిన్న తూము దిక్కు. నేను ఒర్రిన. నీళ్లల్ల ఉన్నోనికి ఇనబడుతదా? కట్ట మీద జనమంత ఒర్రిన్రు. గంతల్నే కాలువల తేలిండు. ఇంజనీరు సారు గాడనే ఉండి దుంకి ఒడ్డుకు గుంజిండు. నేను పోయేసరికే అంత అయిపాయె."

దూలయ్య సంచి వంక చూశాడు. "మూడు గడియారాలు తగిలించుకుంటరు. ఒక్కటి గూడ టైమ్ చెప్పదు. గవన్నీ యాడ కట్టుకుంటవ్ సారూ?"

ఇతనూ అడిగాడు. వెంకటనారాయణ నవ్వి, "దిక్సూచి నడుం దగ్గర దూలయ్యా. గాలి గేజు గొట్టానికే కలిపి కట్టేస్తాను" అన్నాడు.

"మొద్దులకు తట్టుకుంటది."

"చూసుకుంటాలే."

సాయంత్రం ప్రాజెక్టు ఇంజనీర్ చెంచురామయ్య క్వార్టర్ వరండాలో టీ ఇచ్చాడు. నెత్తి నెరిసిన మనిషి, మాట మెత్తన. సీతయ్య పోయిన రోజు నుంచి అన్నం సయించడం లేదని ముత్తక్క చెప్పింది. ముత్తక్క దూలయ్య భార్య, క్యాంపులో వంట ఆమెదే.

"మిమ్మల్ని పిలిపించొద్దని బసవపున్నయ్యకి చెప్పాను నారాయణ గారూ" అన్నాడు చెంచురామయ్య. "ఒక ప్రాణం పోయింది చాలదా? నీళ్లు తగ్గాక ఎండాకాలం చూసుకోవచ్చు కదా. వినడు."

"నారు ఎండిపోతోందటగా."

"నారు మళ్లీ పోసుకోవచ్చు. మనిషిని మళ్లీ పోస్తామా?" గ్లాసు కింద పెట్టాడు. "ఈ తూములు కట్టినప్పుడు నేను ఇక్కడే సూపర్‌వైజర్ని. అడుగున ఏ రాయి ఎక్కడుందో నాకు తెలుసు. ఆ అబ్బాయికీ చెప్పాను, తూము దగ్గర అడుగు జారుతుంది, కింద ఎక్కువసేపు ఉండొద్దని."

పక్కన కిటికీలో రేడియో ఉంది. వెనక రేకు ఊడి ఉంది. ఇంతటి మనిషిని కూడా అనుమానించాలా అనిపించింది వెంకటనారాయణకి. అయినా ఆగాడు. ఈయనా అడుగుతాడేమో చూద్దాం.

చెంచురామయ్య అడగలేదు. లేచి వస్తుంటే మాత్రం, "జాగ్రత్త బాబూ. దిక్సూచి కనిపించేట్టు పెట్టుకోండి, మీరూ కుడి చేతికేనా?" అన్నాడు.

"లేదండీ. ఎడమ మణికట్టుకి. చెయ్యి ముందుకి చాపితే తుపాకీ గురి చూసినట్టు దారి కనిపిస్తుంది."

"అదీ మంచిదే" అన్నాడు చెంచురామయ్య.

అలా ముగ్గురికి మూడు చోట్లు చెప్పాడు. నిజానికి ఎక్కడ పెట్టుకుంటాడో వెంకటనారాయణకే తెలియదు. ఛాతీ మీద పెడితే చేతులు ఖాళీ, కానీ కిందికి చూసేసరికి దారి వంకరపోతుంది. గొట్టానికి కడితే ఒక్క చూపులో అన్నీ కనిపిస్తాయి, కానీ దూలయ్య చెప్పినట్టు వేలాడేదల్లా మొద్దుకి తట్టుకుంటుంది. మణికట్టే నయం. అయితే సీతయ్యదీ మణికట్టే.

సంచి తల కింద పెట్టుకుని పడుకున్నాడు. తలుపు ఎవరూ తట్టలేదు. సంచి ఎవరూ ముట్టలేదు. పొద్దున్నే లేచి ముడి చూసుకున్నాడు. తను వేసిన ముడే. అతనికి కొంచెం సిగ్గనిపించింది. చచ్చిపోయిన స్నేహితుడి తప్పుని ఒప్పుకోలేక ఊళ్లోవాళ్లందరి మీదా పడుతున్నానా?

ముత్తక్క ఇడ్లీ గిన్నె తెచ్చి పెట్టింది. పెట్టి, వెళ్లకుండా నిలబడింది.

"ఏంటక్కా?"

"నవ్వొద్దు తమ్మీ. చెయ్యి ఇటు తే." కొంగు ముడి విప్పి ఒక దారం తీసింది. పసుపు పూసిన నూలు దారం. మధ్యలో గుడ్డలో చుట్టి కుట్టిన చిన్న మూట, చింతగింజంత. "నీళ్లల్ల తల్లి ఉంటది. ఇది ఉంటే నీ జోలికి రాదు."

వెంకటనారాయణకి నవ్వు రాలేదు. వాళ్ల అమ్మ కూడా నేవీకి వెళ్లేటప్పుడు ఇలాంటిదే కట్టింది. కుడి చెయ్యి చాపాడు.

ముత్తక్క తల అడ్డంగా ఊపింది. "గది కాదు. ఎడమ చెయ్యి."

"ఎడమా?"

"నాకు గూడ సమజ్ గాలే తమ్మీ. మగోనికి కుడిచెయ్యి, ఆడదానికి ఎడమచెయ్యి. పుట్టినకాంచి గదే చూసిన. గిదేందో ఎడమకే కట్టమన్నరు. మణికట్టు కాడ్నే కట్టాలె, మీదికి జరపొద్దు అన్నరు."

వెంకటనారాయణ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఎవరు చెప్పారు?"

"పెద్దోళ్లు ఇచ్చిన్రు. పేరు చెప్తే పని చెయ్యదట."

"సీతయ్యకి కట్టావా?"

"కట్టిన. ఆయనకు కుడిచేతికే కట్టమన్నరు, కట్టిన. గా పొద్దున్నే." ముత్తక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "యాడనో లోపమైంది, గందుకే కాపాడలే అన్నరు. గీసారి ఎడమకు గావొచ్చు."

"కట్టక్కా" అన్నాడు వెంకటనారాయణ.

ఆమె వెళ్లాక తలుపు వేసుకుని, దారం పక్కనే దిక్సూచి బిగించాడు. ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు తిరిగి మూట వైపు ఆగిపోయింది. అతను కిటికీ వైపు తిరిగాడు. ముల్లు మూట వైపే. గోడ వైపు తిరిగాడు. ముల్లు మూట వైపే. గది మధ్యలో నిలబడి తన చుట్టూ తాను తిరిగాడు. ముల్లు అతనితో పాటే తిరిగింది, గానుగెద్దులా.

సీతయ్య ఎలా చచ్చాడో అప్పుడు కళ్లకి కట్టింది. పడవలో కూర్చుని, పెద్ద తూము వైపు చెయ్యి చాపి, ముల్లు నిలిచిన చోట గుర్తు పెట్టుకుని ఉంటాడు. దిగాక నీటి లాగుడు అతన్ని మెల్లగా చిన్న తూము వైపు తిప్పింది. చీకట్లో చూసుకున్నప్పుడల్లా ముల్లు గుర్తు మీదే ఉంది. తిన్నగానే పోతున్నావంది. తూము నోట్లో పడేదాకా అదే మాట చెప్పింది. తర్వాత కాలువలో శవాన్ని ఒడ్డుకు గుంజిన చెయ్యే దారాన్ని తెంపేసి ఉంటుంది, మణికట్టు మీద ఆ సన్న గీత ఒక్కటే మిగిలింది.

ఎడమ మణికట్టు. ఆ మాట తను ఒక్కరికే చెప్పాడు.

ఒడ్డున అందరూ ఉన్నారు. బసవపున్నయ్య రైతులతో అరుస్తున్నాడు. దూలయ్య పడవలో గెడ పట్టుకుని నిలబడ్డాడు. ముత్తక్క కట్ట మీద కూర్చుంది. చెంచురామయ్య గొడుగు వేసుకుని కాలువ వైపు నడుస్తున్నాడు.

"ఇంజనీరు గారూ! ఎక్కడికండీ?" పిలిచాడు వెంకటనారాయణ.

"అటు వైపు నుంచి చూస్తుంటాను బాబూ. ఏదైనా అవసరం పడితే..."

"నేను పెద్ద తూముకి కదా వెళ్తున్నాను. కాలువలో నాతో అవసరం ఏం పడుతుంది?"

చెంచురామయ్య ఆగాడు.

"బసవపున్నయ్య గారూ, నేను దిక్సూచి ఎక్కడ పెట్టుకుంటానన్నాను మీతో?"

"ఛాతీ మీదన్నావ్. ఇప్పుడదెందుకయ్యా?"

"దూలయ్యా, నీతో?"

"నడుం కాడ అన్నవ్. మొద్దులకు తట్టుకుంటదని నేనన్న."

"ఇంజనీరు గారితో ఎడమ మణికట్టు అన్నాను. పొద్దున్నే ఎడమ మణికట్టుకి తాయెత్తు వచ్చింది." వెంకటనారాయణ చెయ్యి ఎత్తి చూపించాడు. "బసవపున్నయ్య గారూ, ఈ ముల్లుని చూస్తూ నా చుట్టూ ఓ ప్రదక్షిణం చేయండి. నేనూ మీతో తిరుగుతాను."

బసవపున్నయ్య తిట్టుకుంటూనే తిరిగాడు. సగం తిరిగేసరికి తిట్లు ఆగిపోయాయి. వెంకటనారాయణ చాకుతో దారం కోసి, మూట చింపాడు. అరచేతిలో నల్లటి ముక్క పడింది. దాన్ని చాకు దగ్గరికి తెస్తే టక్కున అతుక్కుంది.

"అయస్కాంతం" అన్నాడు బసవపున్నయ్య. "రేడియో స్పీకర్లో ఉంటుంది ఇలాంటిది. మా వాడొకటి పగలగొట్టి ఆడుకునేవాడు." మెల్లగా తల తిప్పాడు. "మీ రేడియో ఎప్పటి నుంచి పలకడం లేదు చెంచురామయ్య గారూ?"

"బావుంది! వంటమనిషి ఏదో పిచ్చి తాయెత్తు కడితే నాకేం సంబంధం?" చెంచురామయ్య మెత్తగానే అన్నాడు. "అడగండి దాన్నే. ఈ అడవి వాళ్ల మూఢనమ్మకాలకి నన్ను బాధ్యుణ్ని చేస్తారా?"

ముత్తక్క లేచింది. కట్ట దిగి వచ్చి ఇంజనీరు ఎదురుగా నిలబడింది.

"మావోళ్ల నమ్మకమా సారూ? మగోనికి ఎడమచెయ్యి అడిగే తల్లి మా అడవిల లేదు. నువ్వడిగినవ్. భద్రాచలం పోయి తెచ్చిన, నా చేత్తోనిస్తే సదువుకున్నోళ్లు నవ్వుతరు, నువ్వు కట్టు ముత్తక్కా అన్నవ్. నా చేత్తోటి సంపిచ్చినవ్ గా పిలగాన్ని."

చెంచురామయ్య గొడుగు వదిలేసి వెంకటనారాయణ చేతిలోని చాకు మీదికి దూకాడు. నల్ల ముక్క చాకు నుంచి ఊడి గాల్లోకి ఎగిరింది. దూలయ్య గెడ అడ్డం పెట్టాడు. ఇంజనీరు గెడ తగిలి బురదలో కూలబడ్డాడు. ముక్క పడవ అంచు ఇనుప రేకుకి అతుక్కుని ఆగింది.

"దాన్ని ఎవరూ ముట్టుకోకండి" అని అరిచాడు బసవపున్నయ్య. ఒక రైతుని మోటార్‌సైకిల్ మీద దమ్మపేట స్టేషన్‌కి తరిమాడు. తర్వాత బురదలో ఉన్న మనిషి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "ఏముందయ్యా అడుగున? ఏం కనపడకూడదని ఇంత పని చేశావ్?"

చెంచురామయ్య నీళ్ల వైపు చెయ్యి చూపాడు. "తూము కింద కాంక్రీటు లేదు" అన్నాడు. "ఇనుమూ లేదు. అప్పుడు రాళ్లు పోసి పూడ్చాం. ఆ రాళ్లే కదిలి తలుపు కింద దూరాయి. మునిగినవాడికి చేతికి తగులుతాయి."

పోలీసు జీపు వచ్చి అతన్నీ, పడవకి అతుక్కున్న ముక్కనీ తీసుకుపోయేసరికి ఎండ ముదిరింది. రైతులు ఎవరూ కదల్లేదు. బసవపున్నయ్య మొదటిసారి గొంతు తగ్గించి, "ఇవాళ వద్దులే నారాయణా" అన్నాడు.

"ఇవాళే. ఏం చూడాలో ఇప్పుడు తెలిసింది కదా."

పడవ ఎక్కాక వెంకటనారాయణ పరికరాలు సర్దుకున్నాడు. ప్రెజర్ గేజ్ గొట్టాన్ని ఎడమ భుజం మీదుగా తెచ్చి, వేలాడకుండా పట్టీ కిందికి దోపాడు. డెప్త్ గేజ్ కుడి చేతికి. దిక్సూచి చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించి, ఎడమ మణికట్టుకే బిగించాడు.

ముత్తక్క నీళ్లలోకి మోకాళ్ల దాకా దిగి వచ్చింది. చేతిలో ఉత్త పసుపు దారం. మూట లేదు.

"వద్దంటే పోత తమ్మీ."

అతను కుడి చెయ్యి చాపాడు. ఆమె డెప్త్ గేజ్ పైన కట్టి ముడి వేసింది. వేసి, అతని కళ్లు ఎటు చూస్తున్నాయో గమనించింది.

"నన్నేంది గట్ల చూస్తున్నవ్?"

"నిన్ను కాదక్కా. ముల్లుని."

పడవలో కూర్చునే, కుడి చేతిని దిక్సూచి దగ్గరగా తెచ్చి, మెల్లగా ఒక చుట్టు తిరిగాడు. కట్ట, రైతులు, ముత్తక్క, మళ్లీ కట్ట. డబ్బా తిరిగింది. ముల్లు టేకు చెట్ల వైపే చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు గాలి గొట్టం నోట్లో పెట్టుకుని, వెనక్కి వాలి నీళ్లలోకి జారాడు.